లూజు టీషర్టును ఇంట్లోనే సరిచేసుకోవడం: పక్కలు గుంజే ముందు భుజం చూడండి

మా ఇంట్లో బీరువా కింది అరలో పదకొండు టీషర్టులు ఉంటే అందులో నేను కొన్నవి మూడే. మిగతావన్నీ వచ్చినవి. కాలేజీ ఫెస్టులో ఇచ్చిందొకటి, పొద్దున్నే లేచి హన్మకొండలో పరుగెత్తినందుకు ఇచ్చిందొకటి, ఎలక్షన్లప్పుడు గల్లీలో పంచినవి రెండు, మా బావ లావైపోయి తనకు పట్టక, నాకు లూజైనా ఫర్వాలేదని అంటగట్టినవి మిగతావి. ఇలా వచ్చేవాటికి సైజు ఎవరూ అడగరు, ఎక్సెల్లో డబుల్ ఎక్సెల్లో చేతిలో పెడతారు. నా ఛాతీ 38. వేసుకుని అద్దం ముందు నిలబడితే కొయ్యకు అంగీ తగిలించినట్టు ఉంటుంది.

దర్జీ దగ్గరికి తీసుకెళ్తే సగం మంది టీషర్టు ముట్టుకోరు. "సాగే గుడ్డ అన్నా, మా మిషన్ మీద కుట్టు పడదు" అంటారు. తప్పించుకోవడానికి చెప్పే మాటేమో అనుకునేవాణ్ని, కానీ అందులో నిజం ఉంది, కింద చెప్తాను. ఒకాయన మాత్రం తీసుకుని రెండు పక్కలా బర్రున నిలువు కుట్టు వేసి నూట ఇరవై తీసుకున్నాడు. ఇంటికొచ్చి తొడుక్కుంటే పొట్ట దగ్గర టైటు, భుజాలు మాత్రం ఎప్పటిలాగే మోచేతి దిక్కు జారుతున్నాయి. అమ్మ చూసి నవ్వింది. "లూజు భుజంల ఉంటే పక్కలు గుంజి ఏం లాభం బిడ్డా" అన్నది. బాపు పనిచేసిన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు 2002లో మూతపడ్డాక ఆమె ఈ నల్ల తొక్కుడు మిషన్ మీదే జాకెట్లు కుట్టి ఇల్లు నడిపింది. కింద పనికొచ్చే మాటలన్నీ ఆమెవి, చెడిపోయిన టీషర్టులు నావి.

ఎక్కడ లూజో ముందు తేల్చుకోండి

టీషర్టు వేసుకుని అద్దం ముందు మామూలుగా నిలబడండి, ఛాతీ విరుచుకుని కాదు. భుజం మీద చెయ్యి అతికించిన కుట్టు ఎక్కడుందో చూడండి. మీ భుజం ఎముక చివర ఒక బుడిపెలా వేలికి తగులుతుంది, కుట్టు దాని మీదో, అరఇంచు అటూఇటూనో ఉంటే భుజం సరిపోయినట్టే, మీ పని రెండు గంటల్లో అయిపోతుంది, పక్కలు లోపలికి తెచ్చుకుంటే చాలు. ఇంచు దాకా జారినా నడుస్తుంది, ఎవరూ పట్టించుకోరు. రెండు ఇంచులు, అంతకన్నా ఎక్కువ జారితే మాత్రం చేతులు విప్పి మళ్లీ అతికించాల్సిందే, అది ఒక ఆదివారం మొత్తం తింటుంది. మొదటిసారి కుట్టేవాళ్లు అలాంటి టీషర్టు ముట్టుకోకండి. చవకది, భుజం సరిపోయేది ఒకటి తీసుకుని దాని మీద చెయ్యి తిప్పుకుని అప్పుడు దీని దగ్గరికి రండి.

ఇప్పుడు షాపుల్లో కావాలనే భుజం జారేలా కుట్టినవి అమ్ముతున్నారు, ఓవర్‌సైజ్డ్ అని. వాటి భుజం జోలికి పోవద్దు, చేతులు వెడల్పుగా, మెడ చిన్నగా, అన్నీ ఆ లెక్కలోనే కత్తిరించి ఉంటాయి. ఒకటి సరిచేయబోతే ఇంకోటి వంకర పోతుంది. మరీ పొడుగనిపిస్తే కింద కొంచెం తగ్గించుకోండి, అంతే.

ఇంకో సంగతి, బొమ్మ చూడండి. ఛాతీ మీద ప్రింటు ఈ చంక నుంచి ఆ చంక దాకా పరుచుకుని ఉంటే పక్కలు తగ్గించినప్పుడు అక్షరాలు కుట్టులోకి పోతాయి. మా ఫెస్టు టీషర్టు మీద కాలేజీ పేరులో మొదటి అక్షరం, చివరి అక్షరం అలాగే పోయాయి. చదివినవాళ్లు ఏ ఊరి కాలేజీ అని అడిగారు.

కత్తెర కన్నా ముందు బకెట్

కొత్త కాటన్ టీషర్టు అయితే ముందు గోరువెచ్చని నీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడే కొలత తీయండి. వీలుంటే రెండుసార్లు ఉతకండి. కాటన్ మొదటి ఉతుకుల్లో ముడుచుకుంటుంది, వెడల్పు కన్నా పొడవులో ఎక్కువ. 28 ఇంచుల పొడవులో ఇంచు దాకా పోయినా ఆశ్చర్యం లేదు. ముందు కుట్టి తర్వాత ఉతికితే బొడ్డు కనిపించే టీషర్టు తయారవుతుంది. పరుగు పోటీల్లో ఇచ్చే జారుడు పాలిస్టర్‌వి ముడుచుకోవు, వాటికి ఈ బాధ లేదు, కానీ ఇస్త్రీ పెట్టె వేడి బాగా తగ్గించకపోతే గుడ్డ మెరుపెక్కి పాడవుతుంది.

సామాన్లు, అందులో ముఖ్యంగా సూది

టేపు, మంచి కత్తెర, గుండుసూదులు ఒక డబ్బీ, టైలర్ చాక్. చాక్ లేకపోతే స్నానం సబ్బు అరిగిపోయి పల్చగా మిగిలిన ముక్క బాగా ఎండబెట్టి వాడండి, ముదురు రంగు గుడ్డ మీద సన్నగా గీత పడుతుంది, ఉతికితే పోతుంది. అమ్మ చాక్ కొనడం నేనెప్పుడూ చూడలేదు. దారం మాత్రం పాలిస్టర్‌దే తీసుకోండి. నూలు దారం సాగదు, టీషర్టు తలలోంచి తీసేటప్పుడు టప్ మని తెగుతుంది.

ఇక సూది. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మా ఇంట్లో చెడిపోయిన వాటిలో సగం సూది వల్లే. మన వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద నేసే షత్రంజీలు, కింద పరుచుకునే జంపకానాలు, చూసే ఉంటారు, 2018లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చినవి. వాటిలో పడుగు నిలువునా, పేక అడ్డంగా, దారాలు తిన్నగా పోతాయి. అంగీ గుడ్డ, జాకెట్ గుడ్డ కూడా అంతే. టీషర్టులో పడుగు పేక ఉండవు. చేత్తో అల్లిన స్వెటర్ లాగా ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు, దానిలోంచి ఇంకోటి, అదంతా మిషన్ మీద సన్నగా అల్లిన గుడ్డ. అందుకే సాగుతుంది. మామూలు సూది మొన పదునుగా ఉంటుంది, అది దూరినచోట ఏ ఉచ్చు తెగినా నాలుగు ఉతుకుల తర్వాత అక్కడ చిన్న చిల్లు పడి, స్వెటర్ ఊడినట్టు కిందికి పాకుతుంది. పైగా గుడ్డ సూదితో పాటే పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి కింద దారం పట్టే షటిల్‌కు పై దారం అందక కుట్లు వదిలేస్తుంది. దర్జీలు పట్టబోమనేది ఈ గొడవ వల్లే.

దీనికి బాల్ పాయింట్ సూది అని వేరే ఉంటుంది. మొన కొద్దిగా గుండ్రంగా ఉండి ఉచ్చును తెంపకుండా పక్కకు తోసుకుని దిగుతుంది. వరంగల్ చౌరస్తాలో, హన్మకొండ చౌరస్తాలో టైలరింగ్ సామాన్ల దుకాణాల్లో అడగండి. పల్చని టీషర్టుకు 11 నంబరు, మందంగా ఉంటే 14. ఇంటి మిషన్ సూదికి పైన లావు భాగంలో ఒక పక్క చదునుగా ఉంటుంది, ఫ్యాక్టరీ మిషన్లవి గుండ్రంగా ఉంటాయి, ఒకటి ఇంకోదానికి పట్టదు. గుర్తుండకపోతే మీ పాత సూది ఊడదీసి కాగితంలో చుట్టి జేబులో వేసుకుపోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన సామాను, మీకు బాగా పట్టే ఇంకో టీషర్టు. దాన్నే కొలతగా పెట్టుకుంటాం. రెండూ ఒకే రకం గుడ్డ అయి ఉండాలి. నేను ఒకసారి లైక్రా కలిసిన టైటు టీషర్టును కొలత పెట్టి మామూలు కాటన్‌ది కోశాను. లైక్రాది కింద పరిస్తే చిన్నగా ఉంటుంది, ఒంటి మీద సాగుతుంది, కాటన్ అంత సాగదు కదా. అది ఇప్పుడు మా అక్క కొడుకు వేసుకుంటున్నాడు.

గీత, దాని వెనక లెక్క

లూజు టీషర్టును లోపలిది బయటికి తిప్పి గచ్చు మీద పరవండి. మంచం మీద వద్దు, పరుపు కుంగి గీత వంకర పోతుంది. ముడతలు చేత్తో సాపు చేయండి, లాగకండి. చవకవాటికి పక్క కుట్టే ఉండదు, గొట్టంలా అల్లిన గుడ్డను ముక్కలు చేసి చేతులు అతికిస్తారు. అలాంటిదైతే రెండు చంకల కింద కుట్లు పట్టుకుని, అవి రెండూ అంచున వచ్చేలా పరుచుకోండి. ఇప్పుడు దాని మీద మీకు పట్టే టీషర్టును పెట్టి, మెడ మధ్య మీద మెడ మధ్య, భుజం మీద భుజం గీత కలిసేలా సర్దండి.

పై టీషర్టు అంచు వెంబడి చాక్‌తో చుక్కలు పెట్టుకుంటూ పొండి. చెయ్యి చివర నుంచి చంక దాకా, చంక నుంచి కింద అంచు దాకా. ఆ చుక్కలు కలిపితే వచ్చేది కుట్టు గీత. దానికి బయట అరఇంచు వదిలి గీసేది కోత గీత. ఈ రెండూ కలగాపులగం కాకుండా ఒకటి చుక్కలుగా, ఇంకోటి నిండు గీతగా గీయండి.

చాలామంది, నాతో సహా, బోర్లా పడేది లెక్క దగ్గర. నా మొదటి టీషర్టు చుట్టూ నాలుగు ఇంచులు లూజుగా ఉంది. రెండు పక్కలున్నాయి కాబట్టి ఒక్కో పక్క రెండు ఇంచులు లోపలికి గీశాను. తీరా చూస్తే నాకు ఎక్కలేదు. పరిచిన టీషర్టులో ప్రతి పక్కా రెండు పొరలు, ముందు గుడ్డ, వెనక గుడ్డ. మీరు ఒక ఇంచు లోపలికి వస్తే ఆ పక్కే రెండు ఇంచులు పోయాయి, రెండు పక్కలా కలిపి నాలుగు. అంటే ఒక పక్క ఒక ఇంచు జరిపితే చుట్టుకొలతలో నాలుగు ఇంచులు తగ్గుతుంది. నేను రెండు జరిపి ఎనిమిది తీసేశాను. ఇంకో రకంగా చూడాలంటే, పరిచినప్పుడు చంక నుంచి చంకకు లూజుది 23 ఇంచులు, మీకు పట్టేది 20 అనుకోండి, తేడా మూడు, ఒక్కో పక్కకు ఒకటిన్నర. చుట్టుకొలత 46 నుంచి 40కి దిగుతుంది. నా లాంటి 38 ఛాతీకి ఆ రెండు ఇంచుల ఊపిరి సరిపోతుంది, కొంచెం వదులుగా ఇష్టపడేవాళ్లు మూడు నాలుగు వదులుకోండి. ఒక్కో పక్క ఒకటిన్నర దాటి తీయాల్సి వస్తే మాత్రం అది దాదాపు ప్రతిసారీ భుజం కూడా పెద్దదైన కేసే, ఇంకోసారి అద్దంలో చూసుకోండి.

చంక దగ్గర కోణం రానివ్వకండి. చెయ్యి గీత, పక్క గీత కలిసేచోట మూల తిరిగినట్టు గీస్తే చెయ్యి ఎత్తినప్పుడల్లా లాగుడంతా ఆ ఒక్క చుక్క మీదే పడి, అక్కడే పిగులుతుంది. ఛాయ్ సాసరు బోర్లించి దాని అంచు వెంబడి గీయండి, ఆ వంపు సరిగ్గా సరిపోతుంది.

ఒక పక్కే గీయండి. రెండోది అచ్చు వేసుకుందాం. టీషర్టును మెడ మధ్య నుంచి నిలువునా సగానికి మడవండి, గీసిన సగం లోపలికి, గీయని సగానికి ఎదురుగా వచ్చేలా. భుజాలు, చంకలు, కింద అంచు కలిశాయో లేదో చూసుకుని గీత ఉన్నచోట అరచేత్తో గట్టిగా తట్టండి. విప్పితే అవతల కూడా పల్చగా గీత పడి ఉంటుంది, దాని మీద మళ్లీ చాక్ తిప్పండి. అమ్మ జాకెట్లకు ఇలాగే చేసేది, టపటపా అని ఆ చప్పుడు వింటే ఇంట్లో ఎవరిదో జాకెట్ కటింగ్ అవుతుందని మాకు తెలిసేది. రెండు పక్కలూ టేపుతో వేరువేరుగా కొలిచి గీస్తే ఎంత జాగ్రత్తపడ్డా పావు ఇంచు తేడా వస్తుంది.

పొట్ట ఉన్నవాళ్లకు ఒక మాట, ఛాతీ దగ్గర తగ్గించండి, నడుము దగ్గర నుంచి గీతను మెల్లగా పాత అంచు దిక్కు వదిలేయండి. నడుము కూడా పట్టించాలని చూస్తే కూర్చున్నప్పుడు టైరులా కనిపిస్తుంది.

కోయకండి, ముందు కచ్చా కుట్టు

గీత మీద అడ్డంగా గుండుసూదులు గుచ్చండి, రెండు పొరలూ కదలకుండా. ఇంకో రంగు దారంతో చేత్తో అరఇంచుకో కుట్టు చొప్పున వదులుగా కచ్చా కుట్టు వేయండి, బిగిస్తే తొడిగేటప్పుడు తెగుతుంది. గుండుసూదులు అన్నీ తీసేసి, లెక్క పెట్టుకుని మరీ డబ్బీలో వేసి, అలా లోపలిది బయటికి ఉండగానే తొడుక్కోండి.

ఇప్పుడు ఊరికే నిలబడి చూస్తే లాభం లేదు. ఆర్టీసీ బస్సులో పై రాడ్డు పట్టుకున్నట్టు రెండు చేతులూ ఎత్తండి, పొట్ట కనిపించిందా? బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాపండి, వీపు మీద బిగుసుకుందా? కింద కూర్చుని లేవండి. చంక నుంచి మెడ దిక్కు ఏటవాలుగా ముడతలు వస్తుంటే చంక దగ్గర ఎక్కువ తీశారని అర్థం, అక్కడ ఒక పావు ఇంచు వదలండి. పక్కన నిలువుగా గుడ్డ వేలాడుతుంటే ఇంకొంచెం తీయొచ్చు. కచ్చా కుట్టు విప్పడానికి రెండు నిమిషాలు, కోసిన గుడ్డను అతికించడానికి మాత్రం మార్గం లేదు. నేను రెండోసారి, మూడోసారి కూడా ఈ మెట్టు ఎగ్గొట్టాను, తొందరలో. మా బండి తుడిచే గుడ్డలు అందుకే అంత మెత్తగా ఉంటాయి.

మిషన్ మీద

జిగ్‌జాగ్ ఉన్న మిషన్ అయితే సన్నటి జిగ్‌జాగ్ పెట్టండి, వెడల్పు ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లు, పొడవు రెండున్నర. ఆ వంకర కుట్టు గుడ్డతో పాటు సాగుతుంది. మా నల్ల మిషన్ లాగా తిన్నటి కుట్టు మాత్రమే వచ్చేదైతే ఇంచుకు పది కుట్ల లెక్కన పెట్టి, గుడ్డను అణిచి పట్టే మిషన్ పాదం ముందొక చెయ్యి, వెనకొక చెయ్యి ఉంచి గుడ్డను కొంచెం, కొంచెమే, చాచి పట్టుకుని కుట్టండి. చాచి కుడితే దారం ఎక్కువ పడుతుంది, తర్వాత లాగినా తెగదు. బాగా లాగితే అంచు అప్పడంలా అలలు తేలుతుంది, సూది కూడా వంగి విరుగుతుంది. ముందు కోయబోయే ముక్క మీద నాలుగు ఇంచులు కుట్టి లాగి చూడండి, టప్ మంటే ఇంకొంచెం చాచాలి.

చెయ్యి చివర నుంచి మొదలుపెట్టి చంక వంపు మీదుగా కింద అంచు దాకా ఒకే కుట్టు, మధ్యలో ఆపొద్దు. చంక దగ్గర మాత్రం నాలుగైదు కుట్లకోసారి సూది గుడ్డలో దిగి ఉండగా ఆపి, పాదం లేపి, గుడ్డ సర్దుకుని మళ్లీ దించండి. మొదట్లో మిషన్ గుడ్డను కిందికి మింగేస్తుంటే, చాలా మిషన్లు మింగుతాయి, న్యూస్‌పేపర్ ముక్క ఒకటి గుడ్డ కింద పెట్టి కుట్టి తర్వాత చింపేయండి. దారం కొసలు రెండూ వెనక్కి పట్టుకుని మొదలుపెడితే కూడా తగ్గుతుంది. కుట్లు వదిలేస్తుంటే దారం బిగువు మార్చే టెన్షన్ మరను తిప్పుతూ కూర్చోకండి, ముందు సూది మార్చండి, పదింటిలో ఎనిమిదిసార్లు అదే.

మొదటి కుట్టుకు బయట, కోత గీత దాకా వదిలిన ఆ అరఇంచు మార్జిన్‌లో, ఇంకో వరస వేయండి, రెండిటి మధ్య చిటికెన వేలి గోరంత దూరం కూడా అక్కర్లేదు. ఇప్పుడు, ఇప్పుడే, కోత గీత మీద కత్తెర పెట్టండి. అల్లిన గుడ్డ నేసిన గుడ్డలా పోగులు ఊడదు కాబట్టి అంచు అలా వదిలేసినా నష్టం లేదు. ఫ్యాక్టరీ పని లాగా కనిపించాలంటే శారీ ఫాల్, పీకో చేసే షాపుల్లో అంచును దారంతో చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఉంటుంది, కొద్ది డబ్బులకే రెండు పక్కలూ కొట్టిస్తారు. అసలు ఆ పీకో మిషన్ మీదే జిగ్‌జాగ్ కూడా వస్తుంది, గీసి, కచ్చా కుట్టు వేసి తీసుకెళ్తే "ఈ గీత మీద కొట్టండి అక్కా" అంటే సరి.

మిషన్ లేని హాస్టల్ వాళ్లకు, చేత్తో కూడా అవుతుంది. సన్నటి సూది, పాలిస్టర్ దారం ఒంటిపోగు, బ్యాక్ స్టిచ్. ముందుకు రెండడుగులు, వెనక్కి ఒకడుగు అన్నట్టు వేసే కుట్టు, కాస్త సాగుతుంది, గట్టిగా నిలుస్తుంది. ముందుకే పోయే మామూలు కుట్టు వేయకండి, మొదటి రోజే తెగుతుంది. ప్రతి ఏడెనిమిది కుట్లకు గుడ్డను లాగి దారం వదులు చేసుకోండి. రెండు పక్కలకు ఒక క్రికెట్ మ్యాచ్ పడుతుంది, ఇరవై ఓవర్లది.

పొడవు

పొడవు పక్కల తర్వాతే చూడాలి. జీన్స్ ముందు జిప్పు సగం దాకా వస్తే చాలామందికి బాగుంటుంది. ఎక్కడ ఆగాలో గుర్తు పెట్టి, దానికి ఇంచు కింద కోయండి. నిలువునా సగానికి మడిచి, పక్క కుట్లు రెండూ కలిపి పట్టుకుని ఒకేసారి కోస్తే అటూఇటూ సమానంగా వస్తుంది. కోసిన అంచు వెంటనే బయటి పక్కకు చుట్టుకుంటుంది, కంగారు పడకండి, ఈ గుడ్డ గుణమే అంత. లోపలికి ఇంచు మడిచి ఇస్త్రీ పెట్టెతో అణచండి, ఒక్క మడత చాలు, అంగీకి వేసినట్టు రెండు మడతలు వేస్తే తాడులా లావుగా తేలుతుంది. ఇక్కడ గుడ్డను చాచకుండా కుట్టండి. అలలు వచ్చినా తడి గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే చాలావరకు దిగుతాయి. ప్రింటు మీద మాత్రం నేరుగా పెట్టె పెట్టొద్దు, రబ్బరులా ఊడి పెట్టెకు అంటుకుంటుంది, లోపలి పక్క నుంచే చేయండి.

భుజం జారేవాటికి

ఇది వేరే పని, మీరు చదువుతూ వచ్చిన పక్క కుట్టు దీంట్లో చివరికి వస్తుంది. ముందు చేతులు రెండూ విడదీయాలి. కుట్టు విప్పుతూ కూర్చోకండి, ఓవర్‌లాక్ గొలుసు విప్పడానికి ప్రాణం పోతుంది, ఎలాగూ కోసేదే కాబట్టి కుట్టు పక్కనే కత్తెరతో కోసేయండి. కోసిన చెయ్యి మీద కుడి, ఎడమ, ముందు, వెనక అని చాక్‌తో రాయండి. రాయకుండా కుడిది ఎడమకు అతికించిన చరిత్ర నాకుంది. తర్వాత పక్కలు, చేతి కింద కుట్లు కూడా తెరిచేయండి. ఇప్పుడు మీ ముందు రెండు భుజాల దగ్గర మాత్రమే కలిసి ఉన్న ఒక పొడుగాటి గుడ్డ, రెండు చేతుల ముక్కలు ఉంటాయి.

గుడ్డను నిలువునా సగానికి మడిచి, పట్టే టీషర్టును కూడా చేతులు లోపలికి దోపి సగానికి మడిచి దాని మీద పెట్టి, చంక వంపు గీయండి. బయట అరఇంచు మార్జిన్ మరిచిపోవద్దు. ముందు భాగం వంపు వెనక దానికన్నా కొంచెం లోతుగా ఉంటుంది, కాబట్టి ముందుది, వెనకది విడివిడిగా గీయండి. కోశాక టేపును అంచు మీద నిలబెట్టి ఆ వంపు వెంబడి తిప్పుతూ పొడవు కొలవండి, చేతి ముక్క పై వంపు కూడా కొలవండి. చెయ్యే పెద్దదిగా ఉంటుంది, ఎంత తేడా ఉందో అంత రెండు చివర్ల నుంచి, చేతి కింద కుట్టు వచ్చే దిక్కు నుంచి, సమానంగా తీసేయండి. పై వంపు శిఖరాన్ని కోయకండి. రెండు కొలతలూ సమానమైతే మంచిది, పావు ఇంచు తేడా ఉంటే గుడ్డ సాగి తానే సర్దుకుంటుంది.

అతికించడం ఫ్యాక్టరీలో చేసే వరసలోనే తేలిక. పక్కలు తెరిచే ఉండగా, చెయ్యి శిఖరాన్ని భుజం కుట్టుకు గుండుసూదితో గుచ్చి, రెండు కొసలను చంక కొసలకు గుచ్చి, మధ్యలో సర్దుకుంటూ ఇంకో నాలుగు గుచ్చి, పరిచిన గుడ్డ మీదే కుట్టేయండి. గుండ్రంగా మూసిన చంకలోకి చెయ్యి దూర్చి కుట్టాలని చూస్తే ముడతలు పడతాయి. రెండు చేతులూ అతికాక, చెయ్యి చివర నుంచి కింద అంచు దాకా పైన చెప్పిన ఒకే కుట్టు. చంకలో ముందు వెనక చేతి కుట్లు ఎదురెదురుగా కలవాలి, అక్కడ ఒక గుండుసూది నిలువుగా పెట్టుకుని కుట్టండి. మొదటిసారి నాకు పొద్దున పదింటికి మొదలై సాయంత్రం అయిదయింది, మధ్యలో అన్నం తిన్న అరగంట తీసేసి.

మెడ

మెడ సాగి వేలాడుతుంటే మెడ చుట్టూ ఉండే పట్టీ విప్పి, మెడ చుట్టుకొలతలో 80 నుంచి 85 శాతం పొడవుండేలా తగ్గించి, చాచుకుంటూ మళ్లీ వేయాలి. మెడ 20 ఇంచులైతే పట్టీ 16 నుంచి 17, కొసలు కలిపే కుట్టుకు ఇంకో ఇంచు. చెప్పడానికి ఇంతే, కానీ ఆ సాగుడు చుట్టూ సమానంగా పంచడం మా అమ్మకే రెండుసార్లు విప్పితే గానీ రాలేదు. నేను మూడోసారి విప్పి, ఆ టీషర్టును రాత్రి పడుకునేటప్పుడు వేసుకోవడానికి పెట్టుకున్నాను.